ప్రార్థన మనవి కాదు, పెళ్ళి ఏర్పాట్లు

నా పెళ్ళికి నేను పెట్టిన షరతులు పదకొండు. పధ్నాలుగని మా మేనత్త ఇప్పటికీ చెబుతుంది. నకలు కాగితం నా దగ్గరుంది, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. వాటిని నేనే ఊరంతటికీ చాటించుకున్నానని కూడా అంటారు. అది అబద్ధం. చాటించింది మా చర్చి సంఘం. ఎలా జరిగిందో ఇప్పటికి చాలామందికి చెప్పాను. విన్నవాళ్ళు నవ్వేసి, మళ్ళీ పాత మాటే చెప్పుకుంటున్నారు. అందుకే రాస్తున్నాను.

నాకు ఆటిజం ఉందని ఇరవై తొమ్మిదో ఏట తెలిసింది. విశాఖపట్నంలో ఒక డాక్టరమ్మ మూడుసార్లు కూర్చోబెట్టి మాట్లాడి కాగితం మీద రాసిచ్చింది. అప్పటిదాకా నాకున్నదానికి మా ఇంట్లో వాడిన పేరు పొగరు. టెక్కలిలో మా వీధిలోనూ అదే పేరు. పదేళ్ళప్పుడు మా పిన్ని పెళ్ళిలో బ్యాండు మొదలవగానే నేను నీళ్ళ డ్రమ్ముల వెనక దూరి చెవులు మూసుకున్నాను. మా మేనత్త చెయ్యి పట్టి బయటకు లాగి, అందరి ముందూ "దీనికి మనుసులు పడరు" అంది. మనుషులు పడకపోవడం కాదు. ఆ డప్పు దెబ్బ నాకు పళ్ళల్లో తగులుతుంది. ఆ సంగతి అప్పుడు చెప్పలేకపోయాను. చప్పుడూ జనమూ చేతులూ ఒక హద్దు దాటితే ముందు పోయేది నా మాట. ఏం చెప్పాలో తెలుస్తూనే ఉంటుంది, నోరు మాత్రం కదలదు. కొన్నిసార్లు గంట, కొన్నిసార్లు సాయంత్రం దాకా.

పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో నా పని. పొట్టు తీసిన పప్పు బల్ల మీదకు వస్తే గుండు వేరు, బద్ద వేరు, ముక్క వేరు చేసి, మచ్చ ఉన్నది పక్కకు తీసేయాలి. ఏడేళ్ళుగా చేస్తున్నాను. నేను చూసి పంపిన డబ్బా ఒక్కటీ వెనక్కి రాలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు. నన్ను చూడ్డానికి వచ్చిన ఒక పెళ్ళివారు, పిల్ల ఏ పనికీ పనికొచ్చేలా లేదని మా గుమ్మం దిగకముందే అన్నారు. వాళ్ళు ఇది చదివితే బాగుండును.

నేను పెళ్ళి చేసుకున్న ఆయనది వజ్రపుకొత్తూరు దగ్గర ఒక ఊరు. డయాలసిస్ సెంటరులో టెక్నీషియను. ఉద్దానం మనుషులకు ఆ పనేమిటో చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెప్పాలంటే, కిడ్నీలు పాడైనవాళ్ళను వారానికి రెండు మూడుసార్లు, నాలుగేసి గంటలు, మిషను పక్కన పడుకోబెట్టి రక్తం శుభ్రం చేస్తారు. మా పెదనాన్నకు తోడుగా వెళ్ళి నేను అక్కడ కూర్చునేదాన్ని. ఈ టెక్నీషియను ఎవరినైనా ముట్టుకునే ముందు చెబుతాడు. "ఇప్పుడు దూదితో తుడుత్తాను, సల్లగా ఉంతాది. తరవాత సూది." చెప్పింది చెప్పిన వరసలోనే చేస్తాడు. చెప్పనిది చేయడు. సంబంధం మాట కదిపింది పెదనాన్నే. నేను ఒప్పుకోవడానికి మాత్రం ఆ వరసే కారణం.

ప్రధానం, అంటే మా నిశ్చితార్థం, పాడైంది. టెక్కలిలో ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. స్టేజీకి అటూ ఇటూ నా ఎత్తు స్పీకర్లు, కీబోర్డు, ప్యాడ్లు, ఎకో పెట్టిన మైకు. ఉంగరాలు మార్చుకుని ప్రార్థన అయ్యాక ఆడవాళ్ళు ఒక్కొక్కరే స్టేజీ ఎక్కి, పెళ్ళికూతురి నోట్లో స్వీటు పెట్టి, బుగ్గ నిమిరి, ఫొటోకు నిలబడడం మాలో ఆనవాయితీ. పదిహేడుమంది దాకా లెక్కపెట్టాను. పద్దెనిమిదో ఆవిడ చెయ్యి నా మొహం మీదకు వచ్చేసరికి లేచి, దిగి, వంటశాల పక్కన విస్తరాకులు పెట్టే గదిలోకి వెళ్ళి గడియ వేసుకున్నాను. నలభై నిమిషాలు అక్కడే ఉన్నాను. బయట నుంచి అమ్మ పిలిచింది. మేనత్త తలుపు బాదింది. చివరికి ఆయన తల్లి వచ్చింది. ఆవిడ బాదలేదు.

"ఈ సమ్మందం ఇష్టం నేదేటమ్మా నీకు? నేకపోతే ఇప్పుడే సెప్పేయ్. నానేటీ అనుకోను."

ఇష్టమేనని చెప్పాలి. ఒక్క మాట. రాలేదు. ఆవిడ కాసేపు నిలబడి వెళ్ళిపోయింది.

రెండు రోజులకు కబురొచ్చింది. కొడుకు పట్టు విడవడం లేదు కాబట్టి సంబంధం ఉంటుంది. కానీ చర్చిలో అయ్యగారు అడిగినప్పుడు పిల్ల తన నోటితో, అందరూ వినేలా జవాబు చెప్పాలి. అక్కడ కూడా ఇలాగే జరిగితే ఇష్టంలేని పిల్లను ఆవిడ తన ఇంటికి తీసుకుపోదు. మేము పాస్టరుగారిని అయ్యగారంటాం. మా పెళ్ళిలో ఆయన "ఇతనిని నీ భర్తగా అంగీకరించుచున్నావా" అని అడుగుతారు. తల ఊపితే కుదరదు. "అంగీకరించుచున్నాను" అనాలి. ఆవిడ పెట్టిన షరతు నాకు అన్యాయంగా అనిపించలేదు. ఇష్టం లేదన్న అనుమానం ఉన్న పిల్లను ఎవరు తీసుకుపోతారు? అయితే ఆవిడది ఒక్క షరతు, దానికి కట్టుబడాలంటే నాకు పదకొండు కావలసి వచ్చాయి. ఆవిడదాన్ని ఎవరూ షరతనలేదు. నావాటికి మాత్రం ఆ పేరు వచ్చింది.

ఆ కాగితం మేమిద్దరం కలిసి రాశాం. మా అమ్మ తోడు రాగా ఒక సాయంత్రం నౌపడలో ఉప్పుమడుల గట్టు మీద కూర్చున్నాం. అమ్మ కాస్త దూరంగా కూర్చుని ఫోను చూసుకుంటోంది. ఆయన పేషెంటును అడిగినట్టే అడిగాడు. ముందు పాడయ్యేది చెవా, ఒళ్ళా, కళ్ళా? ఎంతసేపట్లో? పాడయ్యాక దేనితో తగ్గుతుంది? నన్ను అంతవరకూ ఎవరూ అలా అడగలేదు. డాక్టరమ్మ కూడా చిన్నప్పటి సంగతులే అడిగింది. ఆ ఒక్క మాట దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్కవేశాం. జవాబు చెప్పాల్సిన సమయానికి నాకు నోరు ఉండాలంటే, దానికి ముందు గంటలో ఏం ఉండకూడదు, ఆ పొద్దున ఏం ఉండకూడదు, ముందు రోజు ఏం ఉండకూడదు.

బ్యాండు వద్దు. చర్చిలో మైకు ఒక్క అయ్యగారికే. ఎనభై మందికి మించకూడదు, మిగతా బంధువులు భోజనాల వేళకు రావచ్చు. జరీ పట్టుచీర కాదు, నాలుగుసార్లు ఉతికిన తెల్ల నూలు చీర. ఫ్లాష్ లేని ఫొటోలు. వాసన ఉన్న పూలు వద్దు. ఏడోది, నన్నెవరూ ముట్టుకోకూడదు, నోట్లో ఏమీ పెట్టకూడదు. దీవించాలనుకుంటే ఉన్నచోటి నుంచే చెయ్యి ఎత్తి దీవించవచ్చు. సండే స్కూలు గది నా కోసం ఖాళీగా ఉంచాలి, అందులోకి ఎవరూ రాకూడదు. కిటికీల దగ్గర జనరేటరు వద్దు. ఏది ముందు, ఏది తర్వాత అన్నది రాసి నాకు ఇవ్వాలి, మార్చకూడదు. పదకొండోది, ప్రశ్న వేశాక జవాబు కోసం ఆగాలి, తొందరపెట్టకూడదు.

అమ్మ చదివి, "ఇవన్నీ తీసేత్తే పెళ్ళిలో ఇంకేటి మిగులుతాదే?" అంది.

"నేనూ ఆయనా" అన్నాను.

రెండు ప్రతులు శుభ్రంగా రాసి, ఒకటి శనివారం నాడు అయ్యగారికి ఇచ్చాను. ఆయన మూడు ఊళ్ళ సంఘాలు చూస్తారు. అప్పుడే బండి తీసి నందిగాం వైపు బయలుదేరుతున్నారు, మర్నాడు ఆరాధన అక్కడ. కాగితం పోకూడదని, చర్చిలోకి వెళ్ళి, ప్రసంగం చెప్పే పుల్పిట్ మీది పెద్ద బైబిల్లో పెట్టి వెళ్ళారు. జాగ్రత్త కోసమే పెట్టారు, కాదనను. కానీ మా సంఘానికి వచ్చి ఇరవై ఏళ్ళయిన అయ్యగారికి ఆ బైబిల్లో పెట్టిన కాగితం ఏమవుతుందో తెలియాలి. ఒంట్లో బాగోలేనివాళ్ళు, పరీక్షలు రాసేవాళ్ళు, సముద్రం మీదకు వెళ్ళినవాళ్ళ ఇళ్ళవాళ్ళు తమ ప్రార్థన మనవులు చీటీ రాసి అందులోనే పెడతారు. ఆదివారం ఆరాధన నడపడానికి నిలబడినవారు వాటిని తీసి చదువుతారు. ఎవరు రాశారు, ఏమి రాశారు అని ముందు చూసుకోవడం మా సంఘంలో లేదు. అందులో ఉన్నదంటే చదవడమే.

ఆ ఆదివారం నిలబడినది సంఘ పెద్ద. రిటైరైన మాస్టారు. ముందుగా మా పెళ్ళి ప్రకటన మూడోసారి చదివి, అభ్యంతరం ఉన్నవారు తెలియజేయవలెనన్నారు. ఎవరూ తెలియజేయలేదు. తర్వాత చీటీలు. ఒక ముసలావిడ మోకాలి నొప్పి, ఒకరి అబ్బాయి ఉద్యోగం, ఆపైన నాది.

ఆయన కళ్ళజోడు సర్దుకుని, అదే గొంతుతో, అంకెలతో సహా చదివారు. "ఒకటి. బ్యాండు వద్దు. రెండు." నేను ఆడవాళ్ళ వైపు మూడో వరసలో ఫ్యాను కింద ఉన్నాను. నాలుగోదానికి వెనక ఎవరో దగ్గారు. ఏడోది చదివేసరికి మా మేనత్త గొంతు వినబడింది, మెల్లగా అన్నాననుకుని అన్నది: "ఇంతకీ మనల్ని పెళ్ళికి రమ్మందా, రావొద్దందా?" ఆ వరసంతా నవ్వింది. ఎవరెవరు నవ్వారో నాకు తెలుసు. మాస్టారు ఆగలేదు. పదకొండూ పూర్తి చేసి, కాగితం మడిచి, "ఈ సహోదరి ఈ బంధకములన్నిటి నుండి విడుదల పొందునట్లు ప్రార్థించుదము" అన్నారు. సంఘమంతా లేచి నిలబడి ఒక్కసారిగా, ఎవరి ప్రార్థన వాళ్ళు, గట్టిగా మొదలుపెట్టారు. నా షరతుల నుంచి నన్ను విడిపించమని నూటయాభై మంది దేవుణ్ణి అడుగుతున్నారు. నా మాట అక్కడే పోయింది. తిరిగి సోమవారం మధ్యాహ్నం వచ్చింది.

సోమవారం సాయంత్రం అయ్యగారు ఇంటికి వచ్చి, "పొరపాటు జరిగిందమ్మా" అన్నారు. జరిగింది అన్నారు, చేశాను అనలేదు. ఆ తేడా నేను ఆయనకు చెప్పాను. అమ్మ నన్ను లోపలికి వెళ్ళమంది. వెళ్ళలేదు. చదివిన చోటే, అదే పుల్పిట్ మీద నుంచి, అది ప్రార్థన మనవి కాదని చెప్పాలన్నాను. పెళ్ళి ముందు ఇంకొకసారి ఎత్తితే మళ్ళీ నవ్వులపాలవుతావన్నారు ఆయన. నవ్వులపాలు అయిపోయాను కదా, ఇక సరిచేయడమే మిగిలిందన్నాను. ఆయన టీ తాగకుండా వెళ్ళారు.

కానీ చెప్పారు. తర్వాతి ఆదివారం ఆరాధన ముగిశాక రెండే వాక్యాలు. "గతవారం చదివినది ప్రార్థన మనవి కాదు, పెళ్ళి ఏర్పాట్లు. అందరూ పాటించవలెను." రెండో వాక్యం నేను అడగలేదు. మా సంఘంలో పుల్పిట్ మీద నుంచి 'పాటించవలెను' అంటే అది మందిరం ముందు చెప్పులు విడవడంలాంటిది. ఆ రోజు గేటు దగ్గర నా పక్కనుంచి వెళ్ళినవాళ్ళు కొత్తగా రంగు వేసిన తలుపు పక్కన నడిచినట్టు చీర కొంగులు దగ్గరికి లాక్కుని నడిచారు. ఫ్యాక్టరీలో పొట్టు తీసే ఒకావిడ వచ్చి, "ఏడోది పెళ్ళికేనేటి, ఇప్పట్నుంచేనేటి?" అని అడిగింది. వెటకారం కాదు, తెలుసుకోవడానికే అడిగింది. ఇప్పటినుంచే అన్నాను.

ఈ వార్త వజ్రపుకొత్తూరు చేరకుండా ఉంటుందా? ఆ వారమే పెళ్ళికొడుకు తల్లి ఆటోలో టెక్కలి వచ్చింది. అమ్మ కుర్చీ వేస్తే కూర్చుని, నేరుగా నన్నే అడిగింది.

"పదకొండోది ఏటది? జవాబుకి ఆగాలని రాసినావట. ఎంతసేపాగాలి?"

"తెలీదు అత్తా."

"ఆగినా రాకపోతే?"

"రాకపోతే రాదు. ఇష్టం లేక కాదు."

"మరా ప్రదానం నాడు?"

"ఆ రోజూ అంతే."

"అప్పుడే ఆ మాట సెప్పొచ్చు కదమ్మా."

"అప్పుడు చెప్పడానికి నోరే లేదు అత్తా."

నేను ఆవిడ కాళ్ళ వైపే చూస్తున్నాను. తర్వాత ఆవిడ ఊరేగింపు మాట ఎత్తింది. కొత్త కోడలు ఊళ్ళోకి బ్యాండుతో రావాలని ఊరివాళ్ళకు మాటిచ్చిందట. బేరం గంట సాగింది. చివరికి బ్యాండు ముందు పెళ్ళికొడుకు ఒక్కడే నడవాలని, నేను జీడితోటల వెనక దారిన ఆటోలో ఇల్లు చేరాలని తేలింది. ఊరు ఏమనుకుంటుందని అమ్మ అడిగితే, "బేండు వొత్తే సాలు, ఊరికేటి?" అంది ఆవిడ. పదకొండోదాని గురించి మాత్రం ఒప్పుకున్నట్టూ చెప్పలేదు, కాదన్నట్టూ చెప్పలేదు.

పెళ్ళి మే నెలలో. పొద్దున సండే స్కూలు గదిలో నన్ను కూర్చోబెట్టారు. ఫ్యాను, మంచినీళ్ళు, వరస రాసిన కాగితం. అంతా రాసినట్టే జరుగుతోంది. అప్పుడు మా మేనత్త మల్లెపూల దండతో లోపలికి వచ్చింది. ఆ గదిలోకి ఎవరూ రాకూడదు, వాసన ఉన్న పూలు ఉండకూడదు. ఒక్క అడుగుతో రెండు దాటింది. "పెళ్ళికూతురు బోడితలతో ఉంతాదేటి? మల్లెపూలకి కూడా అబ్బెంతరమేటి?" అంటూ నా వెనక్కి వచ్చింది. అమ్మ అడ్డు వచ్చి దండ తీసుకుని తన జడలో పెట్టుకుంది. "సాలొదినా, పద" అని మేనత్తను బయటకు నడిపించింది. నా వైపు నిలబడి అమ్మ ఆవిడకు ఎదురు చెప్పడం నేను చూసింది అదే మొదలు. ముప్పై ఒక్క ఏళ్ళు పట్టింది.

చర్చిలో ఎనభై మంది కాదు. నూట ముప్పై రెండు. నడుస్తూ లెక్కపెట్టాను. అయినా ఎవరూ చెయ్యి చాచలేదు. కొందరు చేతులు వీపు వెనక కట్టుకున్నారు. పాట అయింది, వాక్యం అయింది. ప్రశ్న దగ్గరికి వస్తున్నాం అనగా కరెంటు పోయింది. సంఘం యూత్ కుర్రాళ్ళు ఎండకు అందరూ ఇబ్బంది పడతారని ముందే జనరేటరు తెప్పించి, సరిగ్గా నా ఎడమవైపు కిటికీ కింద పెట్టి ఉంచారు. పెట్టింది ఎవరని తర్వాత అడిగితే ఒక్కరూ ఒప్పుకోలేదు. అది మొదలైంది. నేల అదిరింది. ఆ అదురు మోకాళ్ళ నుంచి పళ్ళలోకి వచ్చింది.

అయ్యగారు అడిగారు. ఆయన పెదాలు కదలడం చూశాను. జవాబు నాకు తెలుసు. నోరు లేదు.

ఆయన ఆగారు. సంఘమూ ఆగింది. ఎవరూ దగ్గలేదు, ఎవరూ నా పేరు పిలవలేదు. మాస్టారు బల్ల మీద నుంచి లేచి బయటకు వెళ్ళారు. జనరేటరు ఆగిపోయింది. ఫ్యాన్లు నిలిచిపోయాయి. జనం పాటల పుస్తకాలతో విసురుకోవడం మొదలుపెట్టారు. అయ్యగారి నుదుటి మీద నుంచి చెమట పుస్తకం మీద పడుతోంది, తుడుచుకోవడం లేదు. వీడియోలో తర్వాత చూశాను, నిమిషం నలభై సెకన్లు. అందులో పెళ్ళికొడుకు తల్లి కూడా కనబడుతుంది, మొదటి బల్ల మీద, ఒళ్ళో చేతులు పెట్టుకుని.

పక్కన ఆయన, ముందుకే చూస్తూ, సెంటరులో మాట్లాడే గొంతుతో అన్నాడు. "ఇప్పుడు నువ్వు అంగీకరించుచున్నాను అంతావు. తరవాత నన్నడుగుతారు, నాను అంతాను. తరవాత కూకుందాం."

"అంగీకరించుచున్నాను" అన్నాను. చిన్నగా వచ్చింది, కానీ వచ్చింది.

ఆ వెంటనే వెనక నుంచి మా మేనత్త. "వినబడ్నేదు. గట్టిగా సెప్పమను."

నేను వెనక్కి తిరిగాను. పెళ్ళికూతురు అలా తిరగకూడదని వరస కాగితంలో ఎవరూ రాయలేదు. "అంగీకరించుచున్నానని చెప్పాను కదా, అత్తా" అన్నాను. ఆ మాట చర్చి గేటు దాకా వినబడిందని అంటారు. జనం నవ్వారు. ఈసారి ఎవరెవరు నవ్వారో నేను గుర్తు పెట్టుకోలేదు.

అప్పటినుంచి మేనత్త, తను రెచ్చగొట్టబట్టే నాకు మాట వచ్చిందనీ, తను లేకపోతే ఆ పెళ్ళే లేదనీ చెప్పుకుంటోంది. కాదు. మొదటిసారి చెప్పింది వీడియోలో ఉంది. చెవి దగ్గర పెట్టుకుని వింటే స్పష్టంగా ఉంది. రెండోది జవాబు కాదు, ఫిర్యాదు.

రిజిస్టరులో సంతకాలయ్యాక సండే స్కూలు గదికి వెళ్ళి తలుపు వేసుకున్నాను. కరెంటు ఇంకా రాలేదు. చీర కొంగుతో విసురుకుంటూ నేల మీద కూర్చున్నాను. బయట భోజనాల పిలుపులు. కాసేపటికి తలుపు మీద వేలితో ఒక్కసారి కొట్టిన చప్పుడు. ఆయన తల్లి.

"తలుపు తియ్యక్కర్నేదమ్మా. అన్నం గుమ్మం కాడ పెడతన్నాను. పప్పూ వంకాయకూరా, స్వీటెయ్యనేదు." ప్లేటు నేల మీద పెట్టిన చప్పుడైంది. ఆవిడ అడుగులు వెళ్ళలేదు.

"నాకు మొదటిదే వినబడ్డాది" అంది.

అవునని చెప్పడానికి అప్పటికి నాకు మళ్ళీ మాట లేదు. తలుపు మీద లోపలి నుంచి వేలితో ఒకసారి కొట్టాను. ఆవిడ వెళ్ళిపోయాక తలుపు తీసి ప్లేటు తెచ్చుకుని, వంకాయకూర వేడిగా ఉండగానే తిన్నాను.